‘ట’ అనే ఒక్క అక్షరం



పొద్దున్నే పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ కుళాయి రాదట" అంటుంది. గమనించారా? "రాదు" అనలేదు. "రాదట" అంది. ఈ కబురు ఆవిడ సొంతం కాదు. ఎవరో చెప్పారు. ట్యాంకు దగ్గర మనిషి చెప్పాడో, ఎదురింటివాళ్లు చెప్పారో, మొత్తానికి ఆవిడ విన్నది మనకు చేరవేసింది. ఇదంతా ఆ చివర ఉన్న ‘ట’ చెప్పేసింది. ఒక్క అక్షరం!

ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే ‘దే సే’ అనో ‘ఐ హర్డ్’ అనో ముందొక మాట తగిలించాలి. మనకు ఆ శ్రమ లేదు. వస్తాడట, పెళ్లట, ధర పెరిగిందట. చిన్నపిల్లలు కూడా ఈ ‘ట’ని తప్పు లేకుండా వాడతారు. మా అమ్మమ్మ దగ్గర ఎవరైనా ‘ట’ లేకుండా ఊరి కబురు చెబితే, "నువ్వు చూశావా?" అని వెంటనే అడిగేది.

మాట్లాడేటప్పుడు ఇంత జాగ్రత్తగా ఉండే మనం, కలం పట్టుకోగానే ఆ ‘ట’ని మరిచిపోతాం. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. ఒకరు రాసినదాన్ని మన మాటల్లో ఎలా రాయాలి? పది పేజీల వ్యాసాన్ని ఒక పేజీకి ఎలా తేవాలి? అలా చేసినప్పుడు అది దొంగతనం కాకుండా ఎలా చూసుకోవాలి? డిగ్రీ ప్రాజెక్టులు రాస్తున్నవాళ్లకీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకీ, ఆ మాటకొస్తే పదో తరగతి పిల్లలున్న ఇంటికీ పనికొచ్చే విషయం ఇది.

ముందుగా ఒక ధైర్యం చెబుతాను. ఈ పని మీకు కొత్త కాదు.

సినిమా చూసొచ్చిన కుర్రాణ్ణి "కథేంట్రా?" అని అడగండి. రెండున్నర గంటల సినిమాని అయిదు నిమిషాల్లో చెప్పేస్తాడు. పాటలు వదిలేస్తాడు. కామెడీ వదిలేస్తాడు. ఫైట్లలో ఒక్కటి మాత్రం చేతులూపుతూ చెబుతాడు. ఇంటర్వెల్ దగ్గర మలుపుంటుంది చూడండీ, అది మాత్రం చచ్చినా వదలడు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో వాడికి తెలుసు. సారాంశం అంటే అదే. వాడికి ఎవరూ నేర్పలేదు.

ఇంకొకటి చూడండి. అమ్మమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు గారు సగం తెలుగు, సగం ఇంగ్లీషులో గబగబా చెప్పారు. "షుగర్ కంట్రోల్లో లేదు. ఈ టాబ్లెట్ బిఫోర్ ఫుడ్, రోజుకు రెండు. నెల తరవాత టెస్ట్ చేయించుకుని రండి." బయటికొచ్చాక మనవరాలు ఏం చెబుతుంది? "అమ్మమ్మా, నీకు చక్కెర ఇంకా దిగలేదట. ఈ బిళ్ల పొద్దునొకటి, రాత్రొకటి. అన్నానికి ముందే వేసుకోవాలి. తిన్నాక కాదు, గుర్తుపెట్టుకో. నెల రోజులయ్యాక మళ్లీ రక్తం పరీక్ష చేయించుకుని రమ్మన్నారు."

ఇక్కడ కుదించడం లేదు. నిజానికి డాక్టరు గారు చెప్పినదానికన్నా కాస్త పెరిగింది. ఒక్క సంగతీ జారిపోలేదు. మాటలు మాత్రం దాదాపు అన్నీ మారిపోయాయి. ఒకరి విషయాన్ని మన మాటల్లో చెప్పడమంటే ఇది. సినిమా కథ వేరు, డాక్టరు మాట వేరు. సినిమా కథలో వదిలేయడం తెలియాలి. డాక్టరు మాటలో ఏదీ వదలకపోవడం తెలియాలి. "అన్నానికి ముందు" అన్న ఒక్క ముక్క జారిపోతే అమ్మమ్మకే ఇబ్బంది.

ఆ పిల్ల ఇంకో పని కూడా చేసింది. "దిగలేదట" అంది. "రమ్మన్నారు" అంది. తనే డాక్టరైనట్టు చెప్పలేదు.

మరి నోటితో ఇంత బాగా చేసేవాళ్లం, చేత్తో ఎందుకు చేయలేం? నా సంగతే చెబుతాను. కాలేజీలో చదివేటప్పుడు గోడపత్రికకి గ్రంథాలయోద్యమం మీద వ్యాసం రాశాను. రాశాను అంటున్నాను గానీ, లైబ్రరీలో దొరికిన ఒక పాత పత్రిక ముందు పెట్టుకుని దించాను. అక్కడక్కడా ఒక మాట మార్చాను. మా తెలుగు మాష్టారు అది చదివి, నన్ను పిలిచి, "పరిపుష్టం అంటే ఏంట్రా?" అని అడిగారు. నేను తడుముకోకుండా చెప్పిన జవాబు ఏమిటో తెలుసా? "పుస్తకంలో అలాగే ఉందండీ!" ఆయన నవ్వారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట ఎక్కడ కనబడినా నాకు చెవులు వేడెక్కుతాయి.

తప్పు నాదే. కాకపోతే మనల్ని పెంచిన పద్ధతి కూడా కాస్త చూడాలి. గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే అయిదుకి అయిదు మార్కులు. సొంతంగా రాస్తే మూడు. పదిహేనేళ్లు ఇలా బట్టీ పట్టించి, ఒక రోజున యూనివర్సిటీలో కూర్చోబెట్టి, "ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తే నేరం" అంటాం. పిల్లలు తికమక పడరా మరి?

పరీక్ష పేపరు మీద "సొంత మాటల్లో రాయండి" అని ఉంటుంది. సొంత మాటలంటే ఏమిటి? చాలామంది అనుకునేది, ఒక్కో మాట తీసి దాని స్థానంలో ఇంకో మాట పెట్టడం అని. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కాసేపు ఇక్కడే ఆగుదాం.

మన తెలుగు పాఠాల్లో పద్యానికి ప్రతిపదార్థం రాయిస్తారు, తాత్పర్యం రాయిస్తారు. ప్రతిపదార్థంలో పద్యంలోని ప్రతి మాట పక్కనా ఇంకో మాట వస్తుంది. తాత్పర్యంలో కవి ఏం చెప్పదలచుకున్నాడో అది వస్తుంది. రెండూ వేరువేరు పనులు. మాటకు మాట మార్చి "సొంతంగా రాశాను" అనుకునేవాళ్లు చేస్తున్నది ప్రతిపదార్థం. చేయాల్సింది తాత్పర్యం.

ఒక ఉదాహరణ చదువుతాను. నిదానంగా చదువుతాను. ఒక పుస్తకంలో ఇలా ఉందనుకోండి.

"కాకతీయుల కాలంలో తెలంగాణ ప్రాంతంలో గొలుసుకట్టు చెరువుల నిర్మాణం విస్తృతంగా జరిగింది. ఎగువ చెరువు నిండిన తరువాత మిగులు జలాలు అలుగు మీదుగా దిగువ చెరువుకు చేరేవి. ఈ ఏర్పాటు వల్ల వర్షపు నీరు వృథా కాకుండా వ్యవసాయానికి ఉపయోగపడేది."

ఇప్పుడు ఒక విద్యార్థి దీన్ని సొంత మాటల్లో రాశానంటున్నాడు. వినండి.

"కాకతీయ రాజుల సమయంలో తెలంగాణ ప్రదేశంలో గొలుసుకట్టు తటాకాల కట్టడం విరివిగా సాగింది. పై చెరువు నిండిన పిమ్మట అదనపు నీరు అలుగు మీదుగా కింది చెరువుకు వెళ్లేది. ఈ పద్ధతి మూలంగా వాన నీరు వ్యర్థం కాకుండా సేద్యానికి పనికివచ్చేది."

చెవికి తెలిసిపోతోంది కదా? అక్కడ మూడు వాక్యాలు, ఇక్కడా మూడే. అక్కడ ఏ వరసలో వచ్చిందో ఇక్కడా అదే వరస. కాలం పోయి సమయం వచ్చింది. తరువాత పోయి పిమ్మట వచ్చింది. పాత చొక్కాకి బొత్తాలు మార్చి, కొత్త చొక్కా కుట్టించానన్నట్టుంది. చొక్కా ఎవరిది? ఆ పుస్తకం రాసినాయనది. ఆయన పేరు ఎక్కడా లేదు.

పైగా ఈ పద్ధతిలో ప్రమాదం కూడా ఉంది. ఆ కుర్రాడు అలుగు అన్న మాటను అదృష్టవశాత్తూ ముట్టుకోలేదు. మార్చి ఉంటే? చెరువు నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే చోటు అలుగు. ఒళ్లంతా పొలుసులుండే అడవి జంతువు కూడా అలుగే. కోపం వచ్చి మూతి ముడుచుకోవడమూ అలగడమే. అర్థం తెలియకుండా మాట మారిస్తే, మిగులు జలాలు కోపం మీదుగా ప్రవహిస్తాయి!

ఇదేదో నవ్వులాట కోసం అంటున్నది కాదు. సైన్సు పత్రికల్లో ఇలాంటివి నిజంగా అచ్చయ్యాయి. ఇతరుల వ్యాసాలను కంప్యూటర్ చేత మాట మార్పించి, సొంతమని పంపినవాళ్లున్నారు. 2021లో ముగ్గురు పరిశోధకులు అలాంటి మాటల్ని ఏరి చూపించారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అని ఉంది. కృత్రిమ మేధ కాస్తా నకిలీ స్పృహ అయి కూర్చుంది. రాసినవాళ్లు చదవలేదు, అచ్చువేసినవాళ్లూ చదవలేదు.

సరే. మన చెరువు దగ్గరికి వద్దాం. అదే విషయాన్ని అర్థం చేసుకున్న మనిషి ఎలా రాస్తాడు? వినండి.

"ఒక చెరువులో పడ్డ వాన నీరు అక్కడితో ఆగిపోకూడదు. అది నిండి అలుగు పారితే, ఆ నీళ్లు కింద ఉన్న ఇంకో చెరువులోకి వెళ్లాలి. అక్కడి నుంచి పొలాలకు అందాలి. కాకతీయుల ఏలుబడిలో తెలంగాణలో ఇలాంటి గొలుసుకట్టు చెరువులు ఎన్నో వచ్చాయని ఫలానా రచయిత ఫలానా పుస్తకంలో రాశారు."

ఇక్కడ ఏం జరిగింది? పుస్తకం కాకతీయులతో మొదలుపెట్టింది. ఈయన వాన నీటితో మొదలుపెట్టాడు. అంటే విషయం ఆయన బుర్రలోకి వెళ్లి, అక్కడి నుంచి వచ్చింది. అలుగు, గొలుసుకట్టు అన్న మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఉండాలి కూడా. అవి ఆ వస్తువుల పేర్లు. పేర్లు ఎవరి సొత్తూ కాదు. వాటిని మార్చాలని తాపత్రయపడకండి.

దీన్నే ఒక్క ముక్కలో కుదించాలంటే? "కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు వాన నీటిని వృథా పోనివ్వలేదని ఫలానా పుస్తకం చెబుతోంది." అలుగు పోయింది. ఎగువా దిగువా పోయాయి. అయినా ముఖ్యమైన సంగతి నిలిచింది.

ఒక్క విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఎవరైనా ఇదే సంగతిని "గొలుసుకట్టు చెరువులు కట్టింది కాకతీయులే" అని రాశారనుకోండి. పుస్తకంలో "కాకతీయుల కాలంలో విస్తృతంగా జరిగింది" అని ఉంది. వాళ్లే కట్టారని, అంతకు ముందు ఎవరూ కట్టలేదని లేదు. ఆ చిన్న ‘ఏ’ మనం చేర్చాం. ‘ట’ తీసేస్తే దొంగతనం, ‘ఏ’ చేరిస్తే అబద్ధం! రెండోది ఇంకా అన్యాయం. మనం అన్న మాటను ఆ రచయిత నెత్తిన రుద్దుతున్నాం.

ఒకరిది చూసి ఇంకొకరు రాయడమనే గొడవ ఈనాటిది కాదు. కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడని ఒక గొప్ప ఆలంకారికుడు ఉండేవాడు. ధ్వన్యాలోకం రాశాడు. ఒక కవి రచన ఇంకో కవి రచనను పోలి ఉండడం మూడు రకాలని ఆయన చెప్పాడు. ఒకటి, అద్దంలో ప్రతిబింబం లాంటిది. రెండోది, మనిషిని చూసి గీసిన బొమ్మ లాంటిది. మూడోది, ఇద్దరు మనుషులకు పోలికలు ఉన్నట్టు ఉండేది. మొదటి రెండూ కవి వదిలేయవలసినవి. మూడోదానికి అభ్యంతరం లేదు. ఎందుకంటే అద్దంలో నీడకి సొంత ప్రాణం లేదు. బొమ్మకీ లేదు. పోలికలున్న రెండో మనిషికి తన ప్రాణం తనకుంది. ఆయన చెప్పింది కవిత్వం గురించే. నాకు మాత్రం ఎవరి ప్రాజెక్టు రిపోర్టు చదివినా ఆ మూడు రకాలూ గుర్తుకొస్తాయి. బొత్తాలు మార్చిన చొక్కా నా లెక్కలో రెండో రకం, బొమ్మ.

ఇప్పుడు అసలు పని. ఎలా చేయాలి? నేను చెప్పేది ఒక్కటే ఉపాయం. పుస్తకం మూసేయండి. అవును, మూసేయండి.

ముందు శ్రద్ధగా రెండుసార్లు చదవండి. అర్థం కాని మాట ఉంటే అప్పుడే నిఘంటువు చూడండి. తరవాత పుస్తకం మూసేసి, లేచి వెళ్లి ఒక టీ పెట్టుకోండి. ఆ టీ మరిగేలోపు పుస్తకంలోని వాక్యాలు మనసులోంచి జారిపోతాయి. సంగతి మిగులుతుంది. అప్పుడు వంటింట్లో ఉన్న అమ్మకో, పక్కన ఉన్న తమ్ముడికో చెప్పండి. పైకి చెప్పాలి. "అమ్మా, ఒకాయన ఏం రాశాడంటే..." అని మొదలుపెట్టండి. ఎక్కడైనా ఆగిపోయారా? అక్కడ మీకు అర్థం కాలేదన్నమాట. వెళ్లి మళ్లీ చదవండి. ఆగకుండా చెప్పగలిగారా? చెప్పినట్టే కాగితం మీద పెట్టండి. పుస్తకం మాత్రం ఇంకా మూసే ఉండాలి.

రాశాక తెరవండి. పక్కపక్కన పెట్టి చూసుకోండి. సంగతి ఏమైనా మారిందా? అంకె ఏదైనా తప్పిందా? ఇది మొదట చూడాలి. ఆ తరవాత, ఆయన వాక్యం ఏదైనా మన రాతలో దూరిందా అని చూడాలి. జ్ఞాపకశక్తి బాగా ఉన్నవాళ్లకు ఈ బెడద ఎక్కువ. దూరిన వాక్యం నిజంగా బాగుంటే తీసేయక్కర్లేదు. దానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి, ఎవరిదో చెప్పండి. చివరగా, పుస్తకం పేరు, రచయిత పేరు, పేజీ నంబరు. అంటే మన ‘ట’ అన్నమాట. మాటలన్నీ మీవే అయినా సరే, సంగతి ఆయనది కనక ఈ ‘ట’ ఉండి తీరాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. మాటలు మార్చాను కాబట్టి పేరు అక్కర్లేదనుకుంటారు. డాక్టరు గారి మాట మార్చి చెప్పినంత మాత్రాన ఆ మందు రాసింది మనం కాదు కదా!

అయితే ప్రతిదానికీ పేరు చెప్పాలా? ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర కట్టించాడు. గోదావరి త్ర్యంబకంలో పుట్టింది. ఇవి అందరికీ తెలిసినవి. వీటికి ఎవరి పేరూ అక్కర్లేదు. ఆ ఆనకట్ట వల్ల ఫలానా మార్పు ఫలానా కారణంగా వచ్చిందని ఒకాయన ఏళ్ల తరబడి రికార్డులు తిరగేసి తేల్చాడనుకోండి, అది ఆయన కష్టం. అక్కడ ‘ట’ పడాలి.

నేను చూసినంతలో, కావాలని దొంగిలించేవాళ్ల కన్నా నోటుబుక్కు వల్ల దొంగలయ్యేవాళ్లే ఎక్కువ. లైబ్రరీలో కూర్చుని గబగబా రాసుకుంటారు. అందులో కొన్ని పుస్తకంలో వాక్యాలు, కొన్ని వీళ్లకు తోచినవి. ఆరు నెలల తరవాత చూస్తే అంతా వీళ్ల చేతిరాతే! ఏది ఎవరిదో దేవుడికి తెలియాలి. అందుకని రెండు రంగుల కలాలు పెట్టుకోండి. పుస్తకంలోది నీలం, మీ ఆలోచన ఆకుపచ్చ. పేజీ నంబరు అక్కడే, అప్పుడే వేయండి. చదువుతున్న వాళ్లకు ఇంతకన్నా లాభసాటి బేరం లేదు, ఈ చిక్కు పది రూపాయల కలంతో పోతుంది.

పీహెచ్‌డీ విద్యార్థులు ఈపాటికి ఒక ప్రశ్న అడగాలని చూస్తుంటారు. "ఎంత శాతం వరకు ఫరవాలేదండీ?" యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, దానికి గడువు 6 నెలలకు మించదు. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటిందా, రిజిస్ట్రేషన్ రద్దు. అందుకే ఇప్పుడు పరిశోధక విద్యార్థులు, కొలెస్ట్రాల్ రిపోర్టు చూసుకున్నట్టు, "నీకెంత వచ్చింది? నాకు తొమ్మిది" అనుకుంటున్నారు. ఈ శాతాన్ని లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ పట్టుకునేది మాటల పోలికని. ఎవరిదో ఆలోచనని మొత్తం మాటలు మార్చి పెట్టేస్తే దాని కళ్లు కప్పొచ్చు. గురువు గారి కళ్లు కప్పలేం. "పరిపుష్టం అంటే ఏంట్రా?" అని ఆయన అడిగితే ఏ శాతమూ కాపాడదు.

ఇప్పుడు ఫోనుకి చెబితే అదే చదివి, అదే మార్చి, అదే కుదించి పెడుతోంది కదా అనొచ్చు. పెడుతోంది. డబ్బిచ్చి అసైన్‌మెంట్లు రాయించుకునేవాళ్లూ ఉన్నారు. దీని మీద మనకొక పాత కథ ఉంది. నంది తిమ్మన ముక్కు మీద ఒక పద్యం రాస్తే, రామరాజభూషణుడు దాన్ని డబ్బిచ్చి కొని, తన వసుచరిత్రలో పెట్టుకున్నాడట. నిజమో కాదో గానీ, జనం చెప్పుకుంటారు. వసుచరిత్ర పెద్ద కావ్యం. అయినా ఆ కథ తెలిసినవాళ్లకు ముక్కు తిమ్మన ఎవరు? పద్యం కొన్నాయన కాదు, అమ్మినాయన.

పేరు చెబితే మన గొప్ప తగ్గిపోతుందని భయపడేవాళ్లకు తిక్కన సోమయాజిని చూపిస్తాను. భారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు. భీష్మపర్వానికి వచ్చేసరికి ఎదురుగా భగవద్గీత ఉంది. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. మొత్తం తెనిగించగలిగినవాడే. చేయలేదు. ఇవతల రెండు సేనలు మోహరించి ఉన్నాయి, వినేవాళ్లు యుద్ధం కోసం ఎదురుచూస్తున్నారు. గీతని కొద్ది పద్యాల్లో సంగ్రహించి ముందుకు నడిచాడు. ఏది ఎక్కడ ఎంత ఉండాలో తెలిసిన మనిషి. భారతం వ్యాసుడిదని తిక్కనా దాచలేదు, మనమూ మరిచిపోలేదు. కవిబ్రహ్మ అనే బిరుదు మాత్రం తిక్కన దగ్గరే ఉంది.

సివిల్స్ మెయిన్స్‌లో భారతీయ భాషగా తెలుగు పేపరు తీసుకునేవాళ్లకు ఇప్పటికీ ఈ కుదింపు పరీక్ష ఉంది. ఒక భాగం ఇచ్చి, దాన్ని మూడో వంతుకు కుదించి సొంత మాటల్లో రాయమంటారు. 300 మార్కుల పేపరులో దీనికి 60. దానికి కోచింగ్ తీసుకునే ముందు, రోజూ పొద్దున పేపర్లో సంపాదకీయం ఒకటి చదివి, పేపరు మడిచి, ఇంట్లోవాళ్లకి చెప్పి చూడండి.

ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఈ పదిహేను నిమిషాలూ నేను చెప్పింది మీరు విన్నారు. రేడియోలో వెనక్కి తిప్పి చూసుకునే పేజీ లేదు కాబట్టి, పుస్తకం మూసినట్టే లెక్క. రాత్రి భోజనాల దగ్గర ఎవరికైనా రెండు నిమిషాల్లో చెప్పండి. చెరువు వదిలేసినా ఫరవాలేదు, కాశ్మీరం వదిలేసినా ఫరవాలేదు. నా పేరు గుర్తు లేకపోతే, "రేడియోలో ఎవరో చెప్పారు, పుస్తకం మూసేసి రాయాలట" అనండి చాలు.